ఉగాదికి అమ్మమ్మల నాటి పూల పింగాణీతో బల్ల సర్దుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలోనూ, గోదావరికి ఇవతల నరసాపురం, పాలకొల్లు వైపు ఊళ్ళలోనూ పాత మండువా ఇంటికి వెళ్తే హాల్లో ఒక అద్దాల బీరువా కనిపిస్తుంది. పై అరలో గులాబీ పూల పళ్ళేలు, బంగారు అంచు కప్పులు సాసర్లు, మూత ఉన్న పెద్ద గిన్నె ఒకటి. ఏడాదికోసారి దుమ్ము దులుపుతారు, మళ్ళీ తాళం వేస్తారు. ఆ తాళం తీయమని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఉగాది నుంచి శ్రీరామనవమి దాకా ఉన్న తొమ్మిది రోజులు వాటిని బయటికి తీయడానికి మంచి సమయం. అయితే ఏ పళ్ళెంలో ఏది వడ్డించవచ్చో, ఏది కూడదో తెలుసుకుని తీయాలి. ఎక్కువమంది అడిగే ప్రశ్నలకి నాకు తెలిసినంతలో ఇవీ జవాబులు.

పగిలితే మళ్ళీ దొరకవు కదా, అలా బీరువాలో ఉండనిస్తే ఏం?

పగలవచ్చు. పాత పళ్ళేలు తీసినప్పుడూ పెట్టినప్పుడూ ఒకదానికొకటి తగిలే పగులుతాయి గానీ, అన్నం తింటుంటే పగిలినవి తక్కువ. ఇంకో సంగతి. బీరువాలోనే ఉండిపోయిన సెట్టు ఎవరిదో, ఎక్కణ్ణుంచి వచ్చిందో రెండు తరాలయ్యేసరికి ఎవరికీ గుర్తుండదు. తర్వాత ఇల్లు అమ్మేటప్పుడు పాత సామాను కింద పోతుంది. పండగ రోజు ఆ పళ్ళెంలో బొబ్బట్టు తిన్న మనవరాలికి మాత్రం గుర్తుంటుంది. అందుకే వాడమంటాను.

మా సెట్టు ఎప్పటిదో ఎలా తెలుస్తుంది?

పళ్ళెం తిరగేసి వెనక ముద్ర చూడండి. మామూలు చూపుకి అందకపోతే ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసుకోండి.

అమెరికా 1891 నుంచి తమ దేశంలోకి వచ్చే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని చట్టం పెట్టింది. అప్పట్నుంచి ఎగుమతికి చేసిన పింగాణీ మీద దేశం పేరు కనబడటం మొదలైంది. ‘ఇంగ్లండ్’ అని మాత్రమే ఉంటే కొంచెం పాతది, ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని ఉంటే చాలావరకు ఇరవయ్యో శతాబ్దానిది అనుకోవచ్చు. జపాన్ సరుకు మీద 1921 దాకా ‘నిప్పాన్’ అని, ఆ తర్వాత ‘జపాన్’ అని వేసేవారు. ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే ఇక సందేహం అక్కర్లేదు, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఆ దేశం మిత్రరాజ్యాల అధీనంలో ఉన్నప్పటిది. 1952తో ఆ ముద్ర ఆగిపోయింది. నోరిటాకే అని కనిపిస్తే అది 1904లో నగోయా దగ్గర మొదలైన కంపెనీ.

పూల డిజైను పేరు కూడా సాయం చేస్తుంది. ఎర్ర గులాబీలు, పసుపు గులాబీలు, బంగారు అంచు ఉన్న రాయల్ ఆల్బర్ట్ ‘ఓల్డ్ కంట్రీ రోజెస్’ చాలామంది ఇళ్ళలో చూస్తాం. అది 1962లో వచ్చిన డిజైను. ముత్తాత గారు 1920లలో కొన్నారని ఇంట్లో చెప్పుకుంటుంటే, ఆ కథ వేరే సెట్టుదై ఉండాలి. అయినా దాని విలువేమీ తగ్గదు, కాస్త చిన్న వయసు అంతే.

ముద్రే లేకపోతే దిగులు పడకండి. సెట్టులో ఒకటి రెండింటికే ముద్ర ఉండి మిగతావి ఖాళీగా ఉండటం మామూలే. అన్నీ తిరగేసి చూడండి.

ఇంగ్లండు పళ్ళేలు, జపాను కప్పులు మన లంక గ్రామాల దాకా ఎలా వచ్చాయి?

ఎక్కువ భాగం ఓడల మీద. కాకినాడ రేవు నుంచి రంగూన్‌కి స్టీమర్లు నడిచేవి. గోదావరి జిల్లాల నుంచి ఎందరో బర్మాకి పనికీ వ్యాపారానికీ వెళ్ళారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాక చాలామంది ఉన్నదంతా వదిలేసి అడవుల వెంట నడిచి వచ్చారు. కాబట్టి ఇంట్లో రంగూన్ పళ్ళేలు ఉన్నాయంటే అవి చాలావరకు అంతకు ముందు సెలవులకి వచ్చినప్పుడు తెచ్చుకున్నవై ఉంటాయి. బర్మా టేకు బీరువా, అందులోకి పింగాణీ, రెండూ ఒకే దారిన వచ్చిన ఇళ్ళున్నాయి.

యానాం వైపు వాళ్ళకి ఇంకో దారి ఉంది. 1954 దాకా అక్కడ ఫ్రెంచి పాలన. ఆ చుట్టుపక్కల ఇళ్ళలో ముద్ర మీద ఫ్రాన్సు ఊరి పేరు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. జమీందారుల ఇళ్ళ వేలంలో కొన్నవి, కలకత్తా నుంచి తెప్పించుకున్నవి, పెళ్ళి కట్నాల్లో వచ్చినవి సరేసరి. మీ ఇంట్లో తొంభై దాటిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ఉగాదికే అడిగి రాసి పెట్టుకోండి.

ఉగాది పచ్చడి ఈ పూల గిన్నెల్లో పెట్టవచ్చా?

పెట్టకండి. ఈ పేజీలో ఒక్క జవాబే చదవాలంటే ఇది చదవండి.

పాత పింగాణీ మెరుగులోనూ (పైన గాజులా మెరిసే పూత), ముఖ్యంగా మెరుగు పైన వేసిన రంగుల్లోనూ సీసం ఉండేది. ఎరుపు, నారింజ, పసుపు రంగుల్లో కాడ్మియం కూడా ఉండవచ్చు. పొడిగా ఉన్నప్పుడు అవి కదలవు. పులుపు తగిలితే కొద్దికొద్దిగా కరిగి తిండిలోకి దిగుతాయి. ఉగాది పచ్చడిలో కొత్త చింతపండు, మామిడికాయ ముక్కలు, ఉప్పు అన్నీ ఉంటాయి, పైగా పొద్దున కలిపింది మధ్యాహ్నం దాకా గిన్నెలోనే ఉంటుంది. పింగాణీలో సీసం ఎంత దిగుతుందో ప్రయోగశాలలో చూసేటప్పుడు నాలుగు శాతం ఎసిటిక్ ఆమ్లం పోసి ఇరవై నాలుగు గంటలు ఉంచుతారు. పులుపు, సమయం, ఈ రెండిటి మీదే అంతా నడుస్తుందని దాన్నిబట్టి తెలుస్తుంది కదా. కాబట్టి పులిహోర, మామిడికాయ పప్పు, చారు, నిమ్మకాయ పిండినవి, ఆవకాయ, మాగాయ, పెరుగు, ఆవడలు, వీటిలో ఏదీ పాత పూల పింగాణీలో వద్దు.

పువ్వు మెరుగు కింద ఉందా పైన ఉందా అని మీరే చూసుకోవచ్చు. పళ్ళేన్ని కిటికీ వెలుతురుకి ఏటవాలుగా పట్టుకోండి. తెల్లటి చోట మెరిసిన వెలుగు పువ్వు దగ్గరికి వచ్చేసరికి మందగిస్తే, గోరుతో రాస్తే రేకు అంచు తగులుతుంటే, పువ్వు పైన వేసిందే. మెరుగు ఒకే తీరున పళ్ళెమంతా పరుచుకుని పువ్వు అడుగున కనబడితే లోపలిది. నీలం రంగు డిజైన్లు చాలావరకు లోపలివి, రంగురంగుల గులాబీలు, బంగారం చాలావరకు పైవి. లోపలి పువ్వు కొంత నయమే. కానీ మెరుగులోనే సీసం ఉండే వీలుంది కాబట్టి పులుపు దానికీ వద్దు. చిన్న పిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్ళకీ వీటిలో తిండి పెట్టకపోవడమే మంచిది. వాళ్ళ ముందు అందం కోసం పళ్ళెం ఉంచి, పైన అరటాకు వేసి వడ్డించండి.

మరి పచ్చడి దేనిలో? పనసాకు దొప్పలో గానీ బాదం ఆకు దొప్పలో గానీ పోసి, ఆ దొప్పని పూల సాసరులో కూర్చోబెట్టండి. లేదా చిన్న గాజు గిన్నె. ఆకుపచ్చ దొప్ప చుట్టూ గులాబీల అంచు కనిపిస్తుంటే పచ్చడికే ఒక కళ వస్తుంది. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో కూడా పులుపు పెట్టకూడదన్న సంగతి మన పెద్దవాళ్ళకి బాగా తెలుసు. ఇదీ అలాంటి జాగ్రత్తే.

అయితే వాటిలో ఏం వడ్డించాలి? అన్నీ వద్దంటే ఎలా?

ఉన్నవి చాలానే. పులుపు లేని తీపి వంటలు, వేపుళ్ళు, రేకులు, కాజాలు ఇవన్నీ పూల పళ్ళేల్లో ముచ్చటగా ఉంటాయి.

ఆత్రేయపురం పూతరేకులు తీసుకోండి. తెల్లటి కాగితంలాంటి ఆ మడతలకి లేత రంగు గులాబీ పళ్ళెం కంటే మంచి చోటు లేదు. పళ్ళెంలో గుట్టగా పోయకుండా మూడో నాలుగో ఏటవాలుగా పేర్చి మధ్య పువ్వు కనబడనివ్వండి. తాపేశ్వరం మడత కాజా పాకంతో అంటుకుంటుంది, కింద చిన్న అరటాకు ముక్క వేయండి. కాకినాడ గొట్టం కాజా అయితే కొరికేటప్పుడు లోపలి పాకం కారుతుంది కాబట్టి పళ్ళెంలో కాకుండా చిన్న పింగాణీ గిన్నెలో ఒక్కొక్కటి పెట్టి ఇవ్వండి.

బొబ్బట్లు పెద్ద పళ్ళెంలో ఒకదాని మీద ఒకటి పెడితే ఆవిరికి మెత్తబడతాయి. కాస్త ఆరనిచ్చి, అంచులు కనబడేలా చుట్టూ పేర్చండి. నెయ్యికి సెట్టులో ఉన్న పడవ ఆకారపు గిన్నె సరిపోతుంది. దొరల ఇళ్ళలో మాంసం పులుసుకి వాడేది ఇప్పుడు మన కరిగిన నెయ్యికి పనికొస్తోంది, మూతి సన్నగా ఉంటుంది కాబట్టి ధార చక్కగా పడుతుంది. బాగా మరుగుతున్న నెయ్యి మాత్రం పోయకండి.

మూత ఉన్న పెద్ద గిన్నెలో పరవాన్నం. ఉన్న వాటన్నిట్లో దీని గౌరవం వేరు. పొయ్యి మీంచి దింపి ఓ పావుగంట ఆగి, ముందు గిన్నెని గోరువెచ్చటి నీళ్ళతో కడిగి తుడిచి, అప్పుడు పోయండి. చల్లటి పాత పింగాణీలో సలసల కాగేది పోస్తే నెర్రె వచ్చే ప్రమాదం ఉంది. తిన్నాక మిగిలింది స్టీలు గిన్నెలోకి తీసేయండి. ఫ్రిజ్‌లో పింగాణీతో సహా పెట్టవద్దు.

అంబాజీపేట వైపు పనసాకు బుట్టల్లో వేసే పొట్టిక్కలు పొద్దున టిఫినుకి చేసుకుంటే, బుట్టలతో సహా పెద్ద పూల పళ్ళెంలో పెట్టండి. ఆకే అడ్డుగా ఉంటుంది. చట్నీ మాత్రం గాజు గిన్నెలో. ఏప్రిల్ వచ్చాక తాటిముంజలు దొరుకుతాయి. తొక్క తీసిన ముంజలు లేత నీలి పూల గిన్నెలో పెట్టి చూడండి.

పండ్లు? అరటిపండ్లు పెట్టవచ్చు. మామిడిపండు కోసిన ముక్కలు పెట్టవద్దు, పండు తియ్యగా ఉన్నా పులుపు ఉంటుంది. కోయకుండా సువర్ణరేఖ పండ్లే పళ్ళెంలో పేరిస్తే ఆ ఎర్రటి బుగ్గలే చాలు అలంకారానికి.

బోన్ చైనాలో నిజంగా ఎముకలుంటాయా? మేం శాకాహారులం.

ఉంటుంది. ఇంగ్లండులో పద్దెనిమిదో శతాబ్దం చివర్లో స్థిరపడిన ఆ పద్ధతిలో బంకమట్టి, రాతిపొడితో పాటు దాదాపు సగం వంతు పశువుల ఎముకల బూడిద కలుపుతారు. అందుకే అది అంత పల్చగా, తెల్లగా ఉండి గట్టిగానూ ఉంటుంది. దీపం ముందు పట్టుకుంటే వెనక వేళ్ళ నీడ కనబడుతుంది. అయితే మంచి మామూలు పింగాణీలో కూడా వెలుతురు కొంత కనబడుతుంది కాబట్టి నీడ ఒక్కటే చూసి తేల్చవద్దు, ముద్రలో ‘బోన్ చైనా’ అని ఉందో లేదో చూడండి.

ఎముక పూర్తిగా కాలి బూడిదైపోయాక కలిపిందే. అయినా పట్టింపు ఉన్న ఇంట్లో ఆ మాట దాచి వడ్డించడం తప్పు. వచ్చే చుట్టాల్లో ఎవరికైనా అభ్యంతరం ఉంటుందనిపిస్తే వాళ్ళకి అరటాకు వేయండి, ఆ సెట్టులోని టీపాట్‌ని పూలకి వాడుకోండి.

నైవేద్యం వీటిలో పెట్టవచ్చా?

మడి పాటించే ఇళ్ళలో పింగాణీని నైవేద్యానికి వాడరు. ఆ పద్ధతి అలాగే ఉంచండి. దేవుడికి వెండి గిన్నె, ఇత్తడి పళ్ళెం, లేదా ఆకు. శ్రీరామనవమి పానకం, వడపప్పు కూడా అంతే, ముందు ఇత్తడి బిందెలోంచి నైవేద్యం, తర్వాత ఇంటికొచ్చిన వాళ్ళకి గాజు గ్లాసుల్లో పానకం, పూల సాసర్లలో వడపప్పు. వడపప్పులో మామిడికాయ తురుము, నిమ్మరసం కలిపే అలవాటు ఉంటే సాసరులో ఆకు ముక్క వేయండి.

పండగ పూట అరటాకు వేయాలా, పూల పళ్ళెం పెట్టాలా?

రెండూ. పళ్ళెం కింద, ఆకు పైన. పులుపు సమస్య తీరుతుంది, బంగారు అంచుకి వేళ్ళు తగలవు, చేత్తో కలుపుకుని తినడానికీ వీలు. పెద్ద పళ్ళెం పదంగుళాలు ఉంటుంది, ఆకుని దానికంటే ఓ అంగుళంన్నర తక్కువగా గుండ్రంగా కోస్తే చుట్టూ పూలదండలా అంచు మిగులుతుంది. కోసే ముందు ఆకుని పొయ్యి సెగ మీద ఒక్కసారి ఆడించండి. పచ్చి వాసన పోయి, రంగు ముదిరి, మెత్తబడుతుంది. లేకపోతే ఈనె దగ్గర చీలి పప్పంతా కిందికి దిగుతుంది.

ఇంకో మాట. దొరల పళ్ళెం మన భోజనానికి చేసింది కాదు, అంచు వెడల్పు, లోతు తక్కువ. చారన్నం కలిపితే పొంగి పక్కకి వస్తుంది. సెట్టులో ఎనిమిది తొమ్మిది అంగుళాల వెడల్పుతో కాస్త లోతైన పళ్ళేలు ఉంటాయి, సూపు కోసం చేసినవి. పైన ఆకు వేసుకుంటే చేత్తో తినేవాళ్ళకి అవే హాయి. పూర్తి విస్తరి భోజనం పెట్టేటట్టయితే మాత్రం నిండైన అరటాకు వేసి, కొస తినేవాళ్ళ ఎడమ చేతి వైపు ఉంచి, పూల గిన్నెలూ సాసర్లూ పక్కన పరిచారకుల్లా ఉండనివ్వండి. రావులపాలెం అరటి పండే నేల మీద ఉండి ఆకుకి కరువు రానక్కర్లేదు.

బల్ల మీద ఏ గుడ్డ వేయాలి?

నరసాపురం లేసు. ఇంకో మాట లేదు.

పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల దగ్గర నేర్చుకున్న క్రోషా అల్లికని ఈ డెల్టా ఆడవాళ్ళు తమదిగా చేసుకున్నారు. ఇళ్ళ అరుగుల మీద కూర్చుని అల్లిన బల్లగుడ్డలు దేశదేశాలకి వెళ్ళాయి. నరసాపురం క్రోషా లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంగ్లండు పింగాణీ కింద వేయడానికి అమ్ముడైన గుడ్డ అల్లిన ఊళ్ళోనే మనం ఉన్నాం. అలాంటప్పుడు మన బల్ల మీద పాలిథిన్ షీటు ఎందుకు?

తెలుపు గానీ, గోధుమ రంగు కలిసిన తెలుపు గానీ ఎంచుకోండి. పూల పళ్ళేల కింద పూల గుడ్డ వేస్తే రెండూ కనబడవు. ఉబ్బెత్తుగా గులాబీలు అల్లిన లేసు అయితే కప్పులు ఆ పువ్వు మీద పెట్టవద్దు, ఒరుగుతాయి. వల అల్లిక ఉన్న చదును భాగంలో పెట్టండి. గుడ్డకి గంజి పెట్టి తడిగా ఉండగానే చదునుగా పరిచి ఆరేయాలి, దండెం మీద వేలాడదీస్తే బరువుకి సాగుతుంది. బల్ల టేకుదైతే లేసు కన్నాల్లోంచి చెక్క రంగు కనబడటం చాలా బాగుంటుంది. సన్మైకా బల్ల అయితే కింద ఒక ముదురాకుపచ్చ చేనేత గుడ్డ వేసి దాని మీద లేసు వేయండి.

పూలు ఏవి పెట్టాలి?

తక్కువ పెట్టండి. పళ్ళేల్లోనే పూలున్నాయి.

కడియపులంక పూల మార్కెట్టు పక్కనే ఉన్నవాళ్ళకి ఆశ ఆపుకోవడం కష్టమే. అయినా బల్ల మీదకి మామిడి లేతాకుల రెమ్మ, వేప పూత ఉన్న కొమ్మ చాలు. వేప పువ్వు సన్నగా రాలుతుంది కాబట్టి దాన్ని వడ్డించే గిన్నెలకి దూరంగా, పగిలిన టీపాట్‌లోనో మూత పోయిన చక్కెర గిన్నెలోనో పెట్టండి. తెచ్చిన కొమ్మల్ని ముందు అరుగు మీద గట్టిగా దులపండి. చీమలు పూతరేకుల దాకా రావడానికి నిమిషం చాలు.

మల్లెలు పెట్టాలంటే వేళ చూసుకోవాలి. పొద్దున కోసిన మొగ్గలు సాయంత్రానికి విచ్చుకుంటాయి. మధ్యాహ్నం భోజనాల బల్ల మీద అవి మొగ్గలుగానే ఉంటాయి కాబట్టి వాసన తక్కువ, అదే మంచిది. విచ్చుకున్న మల్లెల వాసన పప్పు, నెయ్యి వాసనని మింగేస్తుంది. సాయంత్రం ఫలహారానికి మాత్రం ఒక పూల గిన్నెలో నీళ్ళు పోసి విచ్చుకున్నవి వేయండి, ఫ్యాను గాలికి గది నిండుతుంది.

గన్నేరు పూలు, ఎర్రవి గానీ పచ్చవి గానీ, తిండి ఉన్న బల్ల మీద ఎంతమాత్రం వద్దు. ఆ చెట్టు ఆకు, పువ్వు, పాలు, గింజ అన్నీ విషమే. గుడికి తీసుకెళ్ళండి, బల్ల మీదకి తేకండి.

పళ్ళేలు ఏడే మిగిలాయి, పన్నెండు మందిమి. అందరికీ ఒకేలా లేకపోతే బాగుండదేమో?

బాగుంటుంది. పెద్దవాళ్ళకి పాత సెట్టు, మిగతావాళ్ళకి ఏ పువ్వూ లేని తెల్ల పళ్ళేలు. ఒక్కటే గుర్తుంచుకోండి, రెండు మూడు రకాల పూల సెట్లు కలిపితే వాటన్నిట్లో ఒక రంగైనా కలవాలి. గులాబీ రంగో, లేత నీలమో, బంగారు గీతో. ఏ రంగూ కలవకపోతే ఒక సెట్టు పక్కన పెట్టేయండి, అది శ్రీరామనవమికి పనికొస్తుంది.

మాకు డైనింగ్ టేబులు లేదు. చాపల మీద కూర్చుంటాం.

పీటలు ఉంటే ఎదురుగా ఇంకో పీట వేసి దాని మీద పళ్ళెం పెట్టండి. నేల మీద పళ్ళెం పెడితే దాటేవాళ్ళ కాళ్ళు తగులుతాయి. అంతే తేడా, మిగతాదంతా ఒకటే.

పసుపు మరక పడింది. ఎలా పోతుంది?

ఎండలో పెట్టండి. గోరువెచ్చటి నీళ్ళు, తేలిక సబ్బుతో కడిగి, ఆరుబయట ఎండలో పూటంతా ఉంచితే పసుపు రంగు వెలిసిపోతుంది. వెలుతురుకి పసుపు ఆగదు. లేసు గుడ్డ మీద పడ్డా అదే వైద్యం. కానీ ఎండలో కాగిన పళ్ళెం మీద వెంటనే చన్నీళ్ళు పోయకండి.

టీ మరకలకి తినే సోడా ముద్ద చేసి వేలితో మెల్లగా రుద్దండి, బంగారు అంచుని వదిలేయండి. స్టీలు చెంచాలు రాసుకుంటే మెరుగు మీద బూడిద రంగు గీతలు పడతాయి, చాలామంది వాటిని పగుళ్ళనుకుని బెంగపడతారు. అది స్టీలు అంటుకున్న గీత మాత్రమే, అదే సోడా ముద్దకి తగ్గుతుంది. కొబ్బరి పీచు, స్టీలు పీచు, బ్లీచింగ్ పౌడరు, చింతపండు, వీటిలో ఏదీ వద్దు. ఇత్తడి తోమిన చేత్తోనే పింగాణీ తోమడం వల్ల ఎన్ని పువ్వులు చెరిగిపోయాయో.

పనిమనిషికి అప్పగించకుండా వీటిని మీరే కడుక్కోండి. రాతి గట్టు మీద కాకుండా ప్లాస్టిక్ టబ్బులో, అడుగున పాత తువ్వాలు వేసి, ఒక్కొక్కటే. బంగారు అంచు ఉన్నది మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలు లేస్తాయి.

నెర్రె ఉందో లేదో ఎలా పట్టాలి? నెర్రె ఉన్నది వాడవచ్చా?

పళ్ళేన్ని అరచేతి మధ్యలో నిలబెట్టి వేలి గోటితో అంచు మీద కొట్టండి. ఖంగుమని సాగితే బాగుంది. టక్కుమని ఆగిపోతే ఎక్కడో బీట ఉంది. పగిలిన దానిలో తినకూడదని మనవాళ్ళు అనేదానికి అర్థం ఉంది, బీటలో తేమ, నూనె చేరి కడిగినా పోవు. మెరుగంతా సాలెగూడులా సన్నటి గీతలు పడ్డవి కూడా అంతే, వాటిలో తడి వంటలు వద్దు.

పారేయనక్కర్లేదు. జిగురుతో అతికించినది తిండికి పనికిరాదు కానీ గోడకి తగిలించుకోవచ్చు, తులసికోట దగ్గర దీపాల కింద పెట్టుకోవచ్చు, పువ్వులు పోసుకోవచ్చు.

డెల్టా తేమలో వీటిని ఎలా దాచాలి?

పింగాణీని తేమ ఏమీ చేయదు. చుట్టిన కాగితాన్ని, అడుగున ఉన్న చెక్కని చేస్తుంది. వార్తాపత్రికలో చుట్టి ఏళ్ళు వదిలేస్తే సిరా అంటుకుంటుంది, మెరుగు గీతలు పడ్డ పళ్ళెమైతే ఆ నలుపు లోపలికి దిగిపోతుంది. మెత్తబడ్డ పాత నేత చీర ముక్కలు పళ్ళేనికీ పళ్ళేనికీ మధ్య వేయండి. అరడజను కంటే ఎత్తు పేర్చవద్దు. కప్పుల్ని చెవులకి కొక్కెం వేసి వేలాడదీయవద్దు, కప్పులో కప్పు దూర్చవద్దు.

లంకల్లో ఉన్నవాళ్ళు, గట్టు కింద ఇళ్ళవాళ్ళు వానాకాలం రాకముందే అటక ఎక్కించేయండి. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. పింగాణీ నీళ్ళలో మునిగినా బతుకుతుంది, బీరువా తిరగబడితేనే పోతుంది. బురద పట్టినవి దొరికితే రుద్దకుండా నానబెట్టండి, ఇసుక రేణువులు పువ్వుని గీకేస్తాయి.

మాకు తాతల నాటి సెట్టేమీ లేదు. కొత్తవి కొనాలా?

అవసరం లేదు. పాత ఎనామెల్ పళ్ళెం మీద కూడా ఎర్ర పువ్వులుంటాయి, అంచు పెచ్చు లేచి ఇనుము కనబడని చోట పూతరేకులు పెట్టండి. ఒక సాసరు, ఒక కూజా ఉన్నా చాలు. వాటి చుట్టూ అరటాకులు, ఇత్తడి, తెల్ల లేసు.

మా సెట్టు పంపకాల్లో నలుగురు అక్కచెల్లెళ్ళకి పోయింది. నా దగ్గర సాసర్లే ఉన్నాయి.

ఇది ఎక్కువమంది ఇళ్ళలో ఉన్న సంగతి. కప్పులు అమలాపురంలో, సాసర్లు భీమవరంలో, మూత గిన్నె హైదరాబాదులో. ఎవరి దగ్గరున్నది వాళ్ళ దగ్గరే ఉండనిచ్చి, ఉగాదికి మాత్రం అందరూ తమ వంతు పట్టుకుని ఒక ఇంటికి రండి. ఒక ఏడు అక్క ఇంట్లో, ఒక ఏడు చెల్లి ఇంట్లో. ఎవరు ఏం తెచ్చారో ఒక కాగితం మీద రాసి, తిరిగి వెళ్ళేటప్పుడు దాన్ని చూసి సర్దుకుంటే మనస్పర్థలు రావు. ఒదినలు, తోటికోడళ్ళ దగ్గర ఉన్నవీ లెక్కలోకి రావాలి, వాటినీ పిలవండి.

మోసుకురావడానికి పళ్ళేల్ని బోర్లా గానీ వెల్లకిలా గానీ పేర్చవద్దు. అట్టపెట్టెలో అంచు మీద నిలువుగా నిలబెట్టాలి, అప్పుడు కుదుపు తట్టుకుంటాయి. అడుగున, మధ్యలో, పైన బాగా ఎండిన వరిగడ్డి గట్టిగా కూరండి, పింగాణీ దేశాలు దాటింది గడ్డి కట్టలోనే. పెట్టెని ఊపితే చప్పుడు రాకూడదు, వస్తే ఇంకా గడ్డి కూరాలి. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు (బండ్లని కూడా నది దాటించే పెద్ద పడవ) మీద దాటేవాళ్ళు పెట్టెని బండి డిక్కీలో వదిలేయకుండా దింపి ఒళ్ళో పెట్టుకోండి. పంటు రేవుకి తగిలేటప్పుడు వచ్చే కుదుపు గట్టిగానే ఉంటుంది.